బెంచీ దగ్గరి గురువు: మాడ్‌స్లే గురించి మీ ప్రశ్నలు, మాస్టారి జవాబులు

పోయిన సంచికలో మర కోసే లేత్, అంటే కడ్డీని తిప్పుతూ దానిమీద స్క్రూ చుట్లు కోసే యంత్రం గురించి రాస్తూ, రెండు వందల ఏళ్ల కిందటి లండన్ ఇంజనీరు హెన్రీ మాడ్‌స్లే పేరు చెప్పాను. ఆయన ఎవరు, ఎక్కడ చదివారు, ఏం చేశారు అంటూ ఉత్తరాలు వచ్చాయి. నాకు చాలా సంతోషంగా ఉంది. టర్నింగ్, ఫిట్టింగ్ పిల్లలకు చెప్పి రిటైరైన నాకు ఇంతకన్నా ఇష్టమైన విషయం లేదు. అందుకే ఈసారి పేజీలన్నీ ఆయనకే.

*ప్రశ్న: మాస్టారూ, లేత్‌ని మాడ్‌స్లే కనిపెట్టాడని మాకు నోట్సులో చెప్పారు. వేరేచోట చదివితే అంతకుముందే చాలామంది చేశారని ఉంది. ఏది నిజం? – ఒక డిప్లొమా విద్యార్థి*

రెండోదే నిజం, నాయనా. లేత్, అంటే మన తరిమెన, వేల ఏళ్లనాటి పనిముట్టు. చెక్కను తిప్పుతూ ఉలితో గుండ్రంగా తీయడం మనిషికి ఎప్పటినుంచో తెలుసు. ఉలిని చేత్తో పట్టుకోకుండా ఇనుప పట్టులో బిగించి జరిపే ఏర్పాటు కూడా మాడ్‌స్లే కన్నా ముందే ఉంది. ఫ్రాన్సులో వోకాన్సన్ 18వ శతాబ్దం మధ్యలోనే అలాంటి లేత్ చేశాడు. లండన్‌లో జెస్సీ రామ్స్‌డెన్ 1770లలో తన కొలత పరికరాల కోసం సన్నని మరలు కోసే యంత్రం చేసుకున్నాడు. సెనో అనే ఫ్రెంచివాడి మర కోసే లేత్ 1795 నాటిది.

మరి మాడ్‌స్లే పేరే ఎందుకు నిలిచింది? 1797 మొదలు 1800 దాకా ఆయన చేసిన లేత్‌లలో మూడు ఏర్పాట్లు ఒక్కచోటికి చేరాయి. టూల్‌ని కదలకుండా పట్టే స్లైడ్ రెస్ట్, దాన్ని నెట్టుకుపోయే లీడ్ స్క్రూ, ఆ స్క్రూకీ, పనిముక్కను తిప్పే స్పిండిల్‌కీ మధ్య మార్చుకోగలిగే గేర్లు. గేర్లు మారిస్తే చాలు, ఒకే లీడ్ స్క్రూతో రకరకాల పిచ్‌ల (చుట్టుకూ చుట్టుకూ మధ్య దూరాల) మరలు కోయవచ్చు. పైగా మొత్తం లోహంతోనే కట్టారు. అడుగున ఉండే బెడ్ చెక్కదైతే కోత ఒత్తిడికి వంగుతుంది, తడికి ఉబ్బుతుంది. పునాదే కదులుతుంటే పైన ఎంత మంచి స్క్రూ ఉన్నా కోసిన మర తప్పే వస్తుంది. అప్పటిదాకా ఇలాంటి యంత్రం ఏ ఒక్క నిపుణుడి గదిలోనో ఉండేది. మాడ్‌స్లే షాపులో అది రోజూ పొద్దున్నే పనిలోకి దిగే యంత్రమైంది. పరీక్షలో లేత్ కనిపెట్టాడని రాయకు. మర కోసే లేత్‌ని కర్మాగారానికి పనికొచ్చేలా నిలబెట్టాడని రాయి.

*ప్రశ్న: నమస్కారం మాస్టారూ. మా అబ్బాయి చదువు ఆపేసి మెషిన్ షాపులో చేరాడు. అంత చిన్న వయసులో చేరినవాడు పెద్ద ఇంజనీరు కావడం కథల్లోనే కదా? మాడ్‌స్లే నిజంగా చదువుకోలేదా? – ఒక తల్లి*

కథ కాదమ్మా, రికార్డుల్లో ఉన్న జీవితం. మాడ్‌స్లే 1771 ఆగస్టు 22న లండన్ పక్కనున్న వూలిచ్‌లో పుట్టారు. తండ్రి సైన్యంలో బండిచక్రాలు చేసే వడ్రంగి. గాయపడి, తరవాత వూలిచ్ ఆయుధాగారంలో స్టోరుకీపరుగా కుదురుకున్నారు. హెన్రీకి తొమ్మిదేళ్లు వచ్చేసరికి తండ్రి పోయారు. పన్నెండో ఏట పిల్లవాణ్ణి అదే ఆయుధాగారంలో తూటాల్లో మందు కూరే పనికి పెట్టారు. రెండేళ్లకు వడ్రంగి విభాగంలోకి మార్చారు. అక్కడ వాడి మనసు నిలవలేదు. పక్కనే ఉన్న కమ్మరి కొలిమి వైపే చూపంతా. పదిహేనో ఏట అక్కడికి పంపారు. చేతిపనిలో మెలకువంతా అక్కడే వచ్చింది.

ఆ రోజుల్లో లండన్‌లో జోసెఫ్ బ్రామా అనే పెద్ద పనిమంతుడు ఉండేవాడు. ఎవరూ దొంగతనంగా తెరవలేని తాళానికి 1784లో పేటెంట్ తీసుకున్నాడు. తాళం గొప్పదే. కానీ లోపలి ముక్కలన్నీ చేత్తో అరగదీయాల్సి రావడంతో పనివాళ్ల వల్ల కావడం లేదు, ధర దిగడం లేదు. కుదిరేవాడి కోసం వెతుకుతుంటే పద్దెనిమిదేళ్ల మాడ్‌స్లే పేరు ఎవరో చెప్పారు. కుర్రాణ్ణి చూసి బ్రామా సందేహించాడు. ఏడేళ్ల అప్రెంటిస్ చేయనివాణ్ణి తీసుకుంటే మిగతా పనివాళ్లు ఒప్పుకోరు. అప్పుడు మాడ్‌స్లే అక్కడ అరిగిపోయిన ఒక వైస్‌ని (ముక్కను బిగించి పట్టే పనిముట్టు) చూపించి, సాయంత్రం ఆరింటికల్లా దీన్ని కొత్తదానిలా చేస్తే పని ఇస్తారా అని అడిగాడని చెబుతారు. చేశాడు. చేరాడు. ఏడాది తిరగకుండా షాపులో అందరికన్నా ముందు వరసలో ఉన్నాడు.

ఇక్కడ మీ అబ్బాయికి తప్పకుండా చెప్పాల్సిన సంగతి ఒకటుంది. మాడ్‌స్లే తాళం ముక్కల్ని వేగంగా అరగదీయడానికి పూనుకోలేదు. ఆ ముక్కల్ని చేసే పనిముట్లను చేశారు. 1790లో ఆయన చేత్తో తయారైన బ్రామా తాళాన్ని పికడిలీ వీధిలోని దుకాణం అద్దాల వెనక పెట్టి, దీన్ని తెరిచినవాళ్లకు 200 గినీలు ఇస్తామని ప్రకటించారు. అరవై ఏళ్లు ఎవరూ తెరవలేదు. చివరికి 1851లో ఆల్ఫ్రెడ్ హాబ్స్ అనే అమెరికన్ తెరిచాడు. అతనికీ పదహారు రోజుల మీద 51 గంటలు పట్టింది.

బ్రామా 1795లో పేటెంట్ తీసుకున్న హైడ్రాలిక్ ప్రెస్సులోనూ మాడ్‌స్లే చెయ్యి ఉంది. ప్రెస్సులో నీటి ఒత్తిడి పెరిగితే, ఆ ఒత్తిడికి కదిలే ర్యామ్ అనే కడ్డీ పక్కనుంచి నీళ్లు కారిపోయేవి. గట్టిగా ప్యాకింగ్ కూరితే కారడం ఆగేది కానీ ర్యామ్ వెనక్కి వచ్చేది కాదు. అంచు వంచిన తోలు పట్టీని లోపల కూర్చితే నీటి ఒత్తిడే ఆ అంచుని ర్యామ్‌కి అదిమిపెడుతుంది, ఒత్తిడి తగ్గగానే అంచు వదులవుతుంది. ఆ ఉపాయం మాడ్‌స్లేదేనని ఆయన శిష్యుడు జేమ్స్ నాస్మిత్ తరవాత చెప్పాడు.

ఇంత చేసినా జీతం వారానికి 30 షిల్లింగులు. పెళ్లయింది, పిల్లలు పుడుతున్నారు. 1797లో పెంచమని అడిగితే బ్రామా కాదన్నాడు. మాడ్‌స్లే బయటికొచ్చి ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్ దగ్గర వెల్స్ స్ట్రీట్‌లో చిన్న షాపు పెట్టుకున్నారు. మొదట వచ్చిన పని ఒక చిత్రకారుడికి బొమ్మలు వేసుకునే స్టాండు, ఇనుప ఫ్రేముతో.

మీవాడు షాపులో చేరడం చదువు ఆపడం కాదని నేననుకుంటాను. కాకపోతే వాడికి డ్రాయింగు చదవడం, లెక్కలు వదలకుండా చేయించండి. మాడ్‌స్లే ఆ రెండింటినీ పనిలోనే నేర్చుకున్నారు, ఎక్కడా వదల్లేదు.

*ప్రశ్న: సర్, నాది టూల్‌రూమ్ పని. ఎప్పటినుంచో ఒక సందేహం. మంచి లేత్ ఉంటేనే మంచి మర వస్తుంది, మంచి మర ఉంటేనే మంచి లేత్ వస్తుంది. మరి మొట్టమొదటి మంచి మర ఎలా వచ్చింది? సర్ఫేస్ ప్లేట్ సంగతీ అంతే. మొదటి ప్లేటు సమతలంగా ఉందని దేనితో చూశారు?*

వచ్చిన ఉత్తరాలన్నిటిలో నాకు నచ్చిన ప్రశ్న ఇది. దీనికి తీరిగ్గా జవాబు రాస్తాను.

ముందు మర. స్తంభంలాంటి గుండ్రని కడ్డీని తిప్పుతూ, దానికి లెక్కగట్టిన కోణంలో వాలుగా పదునైన కత్తిని ఆనించారనుకోండి. కత్తి కడ్డీలో దిగుతుంది. వాలుగా ఉంది కాబట్టి కడ్డీ తిరిగేకొద్దీ తనంతట తానే పక్కకు నడుచుకుంటూ పోతుంది. అది గీసిన గీతే మర. మాడ్‌స్లే చేసింది ఇదే. నెలవంక ఆకారపు గట్టి కత్తితో మెత్తని కడ్డీల మీద, చెక్క, తగరం లాంటి వాటి మీద, ఎన్నోసార్లు మరలు గీయించారు. అన్నీ ఒకేలా రావు. వాటిలో అన్నిటికన్నా సమంగా వచ్చినదాన్ని ఏరుకుని, దాన్ని ఆధారం చేసుకుని గట్టి లోహంలో మర కోశారు. ఆ మరతో చేసిన లేత్ మీద ఇంకా మంచి మర. తప్పు ఎక్కడుందో కొలవడం, దిద్దడం, మళ్లీ కోయడం. ఈ దారిలో ఆయన ఎంతదాకా వెళ్లారంటే, ఐదడుగుల పొడవు, రెండంగుళాల వ్యాసం, అంగుళానికి 50 చుట్లు ఉన్న స్క్రూ ఒకటి చేశారు. దాని నట్టు పొడవే 12 అంగుళాలు. లోపల 600 చుట్లు. పన్నెండంగుళాల నట్టు ఐదడుగుల స్క్రూ మీద పట్టేయకుండా నడవాలంటే పిచ్‌లో ఎక్కడా తేడా ఉండకూడదు. మీది టూల్‌రూమ్ కాబట్టి దాని అర్థం మీకు వేరే చెప్పనక్కర్లేదు. ఖగోళ పరికరాల స్కేళ్లు విభజించడానికి అది పనికొచ్చింది.

ఇక సర్ఫేస్ ప్లేటు, అంటే ముక్క చదునుగా ఉందో లేదో పోల్చిచూసే ఇనుప పలక. రెండు ప్లేట్లను ఒకదానితో ఒకటి సరిపోల్చి దిద్దితే చాలదా అని చాలామంది అంటారు. చాలదు. ఒకటి మధ్యలో ఉబ్బి, రెండోది సరిగ్గా అంతే గుంట పడినా రెండూ చక్కగా అతుక్కుంటాయి. అందుకని మూడు కావాలి. మొదటిదానికి రెండోదాన్ని సరిచేయండి. మొదటిదానికే మూడోదాన్నీ సరిచేయండి. మొదటిది ఉబ్బుగా ఉంటే రెండోదీ మూడోదీ రెండూ గుంటగా తయారవుతాయి. ఇప్పుడు ఆ రెండింటినీ ఎదురెదురుగా పెట్టండి, అంచులు తగిలి మధ్యలో ఖాళీ కనిపిస్తుంది. తప్పు బయటపడింది. దాన్ని ఇద్దరికీ చెరిసగం దిద్ది, మళ్లీ మొదటిదానితో చూసుకుంటూ పోవాలి. ఏ రెంటిని తీసుకుని ఎటు తిప్పి పెట్టినా అతుక్కున్నాయంటే మూడూ సమతలంగా ఉన్నట్టే, ఇంకో దారి లేదు. బయటినుంచి ఏ ప్రమాణమూ అరువు తెచ్చుకోకుండా మూడు ఇనుప పలకలు తమలో తామే నిజాన్ని తేల్చుకుంటాయి. ఇన్నేళ్లు పిల్లలకు చెప్పినా ఈ మాట దగ్గరికి వచ్చేసరికి నాకు ఒళ్లు పులకరిస్తుంది.

ఈ పద్ధతినీ, ఎత్తుగా ఉన్నచోట రంగు అంటించి ఆ చోటునే స్క్రేపర్‌తో గీకే పనినీ 1840లో బ్రిటిష్ అసోసియేషన్ అనే శాస్త్రవేత్తల సంఘం సభలో వివరించినవాడు జోసెఫ్ విట్‌వర్త్. అతను మాడ్‌స్లే షాపులో పనిచేసి వెళ్లినవాడు. ఆ షాపులో ముఖ్యమైన పనివాళ్ల బెంచీల మీద ఒక్కొక్క సమతల ప్లేటు ఉండేది. చేసిన ముక్కను అక్కడికక్కడే దానిమీద పెట్టి చూసుకోవాలి. ప్లేటు ఒప్పుకోకపోతే ఫోర్‌మన్ దాకా వెళ్లక్కర్లేదు, ముక్క మళ్లీ వైస్‌లోకే.

కొలత మీద తగాదా వస్తే దానికి పెద్ద కోర్టు కూడా ఉండేది. మాడ్‌స్లే తనకోసం చేసుకున్న బెంచి మైక్రోమీటర్ అంగుళంలో పదివేల వంతు దాకా చెప్పేది. దాని తీర్పు మీద అప్పీలు లేదు కాబట్టి దాన్ని ఇంగ్లండ్ పెద్ద న్యాయాధికారి పేరుతో ‘లార్డ్ ఛాన్సలర్’ అని పిలిచేవారు.

*ప్రశ్న: మాడ్‌స్లేని గొప్ప గురువు అని రాశారు. ఆయన ఏ కాలేజీలో పాఠం చెప్పారు? – ఒక లెక్చరరు*

ఏ కాలేజీలోనూ చెప్పలేదండీ. ఆయన తరగతి లండన్‌లోని లాంబెత్ షాపు. 1810లో వెస్ట్‌మిన్‌స్టర్ బ్రిడ్జి రోడ్డులో, అంతకుముందు గుర్రపుస్వారీ నేర్పిన ఆవరణలో పెట్టారు. అక్కడినుంచి బయటికొచ్చినవాళ్లను చూడండి. రిచర్డ్ రాబర్ట్స్ మాంచెస్టర్ వెళ్లి లోహాన్ని చదును చేసే ప్లేనింగ్ యంత్రమూ, తనంతట తాను నడిచే నూలు యంత్రమూ చేశాడు. జోసెఫ్ క్లెమెంట్, ఇక్కడ డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసి, చార్లెస్ బాబేజ్ లెక్కల యంత్రానికి ముక్కలు చేశాడు. విట్‌వర్త్ 1841లో దేశంలోని షాపులనుంచి మరమేకులు సేకరించి, సగటు కట్టి, 55 డిగ్రీల కోణంతో ఒకే ప్రమాణం పెట్టాడు. అంతకుముందు ఏ బోల్టుకు ఆ నట్టే. విప్పేటప్పుడు గుర్తు పెట్టుకోకపోతే మళ్లీ బిగించలేరు. తన షాపు వరకైనా ఆ గందరగోళాన్ని ముందే ఆపినవారు మాడ్‌స్లే.

నాస్మిత్ చేరిన తీరు మీ విద్యార్థులకు చెప్పండి. 1829లో ఇరవై ఏళ్ల కుర్రాడు ఎడిన్‌బరా నుంచి తాను చేసిన చిన్న ఆవిరి యంత్రం, గీసిన డ్రాయింగులు పట్టుకుని తండ్రితో వచ్చాడు. మాడ్‌స్లే అప్పటికే అప్రెంటిస్‌లను తీసుకోవడం మానేశారు. డబ్బు కట్టి చేరిన పిల్లలు పని సరిగ్గా చేయక విసిగించారట. మర్యాదగా కాదని చెప్పి, వచ్చారు కదా అని షాపు తిప్పి చూపిస్తున్నారు. ఒకచోట పనివాడొకడు బాయిలర్ కొలిమిలో బూడిద ఎత్తుతున్నాడు. నాకు ఆ పని ఇచ్చినా అదృష్టంగా భావిస్తానన్నాడు నాస్మిత్. మాడ్‌స్లే ఆగి అతనివైపు చూసి, అయితే నువ్వు అలాంటివాడివా అన్నారు. తరవాత మోడల్‌నీ డ్రాయింగులనీ చూసి, ఇతనికి అప్రెంటిస్ అక్కర్లేదని తన సొంత గదిలో సహాయకుడిగా పెట్టుకున్నారు. వారానికి పది షిల్లింగులు. పదేళ్ల తరవాత 1839లో ఆవిరి సుత్తి బొమ్మ గీసింది ఈ నాస్మితే.

గురువు నేర్పినవి అతను రాసిపెట్టాడు. ఏం చేయాలనుకుంటున్నావో ముందు నీకు స్పష్టంగా తెలియాలి. వాడే లోహం మీద కన్నేసి ఉంచు, ప్రతి ముక్కనూ ఇక్కడ నీకేం పని అని అడుగు, అక్కర్లేని ప్రతి పౌండునూ తీసేయి. లోపలి మూలల్ని పదునుగా వదలకు, గుండ్రంగా చెయ్యి, ఎందుకంటే పగులు అక్కడే మొదలవుతుంది. ఈ చివరిదాన్ని ఇప్పుడు డిజైన్ క్లాసులో స్ట్రెస్ కాన్సన్‌ట్రేషన్ అని ఒక అధ్యాయంగా చెబుతున్నాం. ఆయన విరిగిన ముక్కను చేతికిచ్చి చెప్పారు.

అన్నిటికన్నా పెద్ద పాఠం ఆయన చేతులు. ఆకురాయి పట్టుకున్నారంటే చూడాలి. ఆయన ఏ పనిముట్టు పట్టినా ముచ్చటగా ఉంటుంది, పద్దెనిమిది అంగుళాల ఆకురాయి పడితే మాత్రం చెప్పడానికి మాటలు చాలవు అన్నట్టు ఒక ముసలి పనివాడు గుర్తుచేసుకున్నాడు. యజమాని అయ్యాక, పేరొచ్చాక కూడా ఆయన బెంచీ వదల్లేదు. మనం విద్యార్థుల ముందు చివరిసారి చేత్తో జాబ్ చేసి చూపించింది ఎప్పుడు? మీరూ నేనూ ఈ ప్రశ్న వేసుకోవాలండీ.

*ప్రశ్న: మాడ్‌స్లే యంత్రాల వల్ల 110 మంది పని పదిమందితో అయిపోయిందని చదివాను. అది గొప్పా? మిగతా వందమంది ఏమయ్యారు?*

సూటి ప్రశ్న, సూటిగానే చెబుతాను. అది పోర్ట్స్‌మత్ నౌకాశ్రయంలోని కప్పీల కర్మాగారం సంగతి. తెరచాపల ఓడకు తాళ్లు నడిపే కప్పీలు వందల్లో కావాలి. బ్రిటిష్ నౌకాదళానికి ఏడాదికి లక్ష కప్పీల దాకా ఖర్చయ్యేవి. అంతకుముందు సౌతాంప్టన్ కాంట్రాక్టరు నుంచి కొనేవారు. వాటిని యంత్రాలతో చేయాలని ఊహించింది మార్క్ ఇసాంబార్డ్ బ్రూనెల్ అనే ఇంజనీరు, నౌకాదళంలో దానికి పట్టుబట్టింది సామ్యూల్ బెంథామ్. బ్రూనెల్ మొదట్లో తన ఉద్దేశం చెప్పకుండా ఒక్కొక్క డ్రాయింగే తెచ్చి మాడ్‌స్లేకి ఇచ్చేవాడట. రెండుమూడు చూసేసరికి, మీరు కప్పీలు చేసే యంత్రం తలపెట్టారు కదా అని మాడ్‌స్లే పట్టేశారు. 1802 నుంచి ఆరేళ్లలో నలభైకి పైగా యంత్రాలు చేసిచ్చారు. రంపం, బెజ్జం, గాడి, చక్రం, ఒక్కో పనికి ఒక్కో యంత్రం. 1808లో అక్కడ 1,30,000 కప్పీలు తయారయ్యాయి.

ఆ పదిమందీ ఏళ్ల తరబడి పని నేర్చినవాళ్లు కానక్కర్లేదు. చేయి తిరిగిన వందమంది నైపుణ్యానికి అక్కడ గిరాకీ పోయింది. దాన్ని నేను తేలిక చేసి చెప్పను. యంత్రం వచ్చిన ప్రతిచోటా ఎవరి అన్నమో కదులుతుంది. ఆ బాధ్యత యంత్రం పెట్టించిన యజమానిదీ, ప్రభుత్వానిదీ. అయితే ఇంకోవైపు కూడా చూడండి. ఆ యంత్రాల్ని చేయడానికి కొత్తరకం పనివాడు కావలసివచ్చాడు. ఫిట్టరు, టర్నరు, టూల్‌మేకరు అనే వృత్తులకు ఇలాంటి షాపులే పుట్టిల్లు. కప్పీ చెక్కే చేతికి పని పోయి కప్పీ యంత్రం చేసే చేతికి వచ్చింది. ఆ రెండు చేతులూ ఒకే మనిషివి కాకపోవడమే కష్టం. దాని మందు శిక్షణ ఒక్కటే అని నా నమ్మకం, అందుకే జీవితమంతా ఆ పనిలో ఉన్నాను.

*ప్రశ్న: ఆయన చివరి రోజులు ఎలా గడిచాయి? ఆయన చేసినవి ఇప్పుడు ఎక్కడైనా చూడవచ్చా?*

చివరిదాకా పనే. ఓడల ఆవిరి యంత్రాల్లో సంస్థకు పెద్ద పేరు. జాషువా ఫీల్డ్ భాగస్వామిగా, కొడుకులూ చేరి, మాడ్‌స్లే, సన్స్ అండ్ ఫీల్డ్ అయింది. థేమ్స్ నది కింద బ్రూనెల్ తవ్విన సొరంగానికి రక్షణగా నిలిచిన ఇనుప షీల్డ్ 1825లో ఇక్కడే తయారైంది. పెద్ద వయసులో ఆయన మనసు ఖగోళం మీదికి మళ్లింది. సొంతంగా పెద్ద టెలిస్కోపు చేసుకోవాలని అనుకున్నారు. ఫ్రాన్సులో మిత్రుణ్ణి చూసి ఇంగ్లీష్ ఛానల్ దాటి వస్తుండగా చలిబారిన పడి, 1831 ఫిబ్రవరి 14న కన్నుమూశారు. వూలిచ్‌లోని సెయింట్ మేరీ మాగ్డలీన్ చర్చి ఆవరణలో పూడ్చారు. అక్కడి పోత ఇనుప స్మారకాన్ని తానే గీసుకున్నారు.

మర కోసే లేత్, లార్డ్ ఛాన్సలర్, కప్పీల యంత్రాలు కొన్ని లండన్ సైన్స్ మ్యూజియం సేకరణలో ఉన్నాయి. కప్పీల కర్మాగారం భవనం పోర్ట్స్‌మత్‌లో ఇంకా నిలిచి ఉంది. ఆ లేత్ ఫోటో దొరికితే ముందు హెడ్‌స్టాక్ (స్పిండిల్ ఉండే భాగం) పక్క గేర్లు చూడండి, తరవాత స్లైడ్ రెస్ట్, ఆపైన లీడ్ స్క్రూ. మీ షాపులో రోజూ నడిపే యంత్రంలోనూ అవి ఏ వరుసలో ఉన్నాయో పోల్చి నాకు రాయండి.